ఎనిమిదో వాటా

అసిరయ్య గురువుకి ఒక అలవాటు ఉంది. ఎవరు ఏ ప్రశ్న అడిగినా అదే రోజు జవాబు చెప్పడు. చిరిగిన వల ఒకటి ఒళ్ళోకి తోసి, దాని తెగిన కళ్ళు ముడులేసి కట్టమంటాడు. ప్రశ్నని కూడా చేపలాగే ఒక పూట ఉప్పులో ఊరబెడితే గానీ గురువుగారికి రుచించదని శిష్యులు చాటున నవ్వుకుంటారు. చాలామంది వల కడుతూ కడుతూ తామేమడిగారో మరిచిపోతారు. అది కూడా ఒక జవాబేనని ఆయన అనుకుంటాడేమో, ఎవరికీ చెప్పలేదు.

ఆ సాయంత్రం తాతారావు వల ముట్టుకోలేదు. ఒడ్డు మీది తాటాకు పాకలో గుంజ పక్కన నిలబడే అడిగాడు. "మిగిలిన డబ్బు ఎవరిది గురువుగారూ? ఈ ఒక్కదానికీ ఈరోజే చెప్పండి. ఎల్లుండి ఆదివారం మీటింగు."

అసిరయ్యకి ఎడమ కంటి మీద పొర కమ్మి నాలుగేళ్ళయింది. అప్పటినుంచి సముద్రం మీదికి వెళ్ళడం మానేశాడు. ఎవరిని చూడాలన్నా తల కొంచెం పక్కకి వాల్చి కుడి కంటితో చూస్తాడు. అలాగే శిష్యుణ్ణి చూసి, "రేపు లచ్చన్న బోటొచ్చేసరికి ఒడ్డుకి రా. వీపు తిప్పాల గదా" అన్నాడు. అంతే. మళ్ళీ వలలోకి తల వంచేశాడు.

ఆ ఊళ్ళో వీపు తిప్పడమంటే అలగడం కాదు, అదొక పని. బోటు ఒడ్డెక్కగానే బేరగాళ్ళకి పోయే పెద్ద చేపలు పక్కన పెట్టి, మిగతావి ఇసుక మీద కుప్పలు పోస్తారు. వేటకెళ్ళిన ఐదుగురికీ ఐదు, బోటుకొకటి, వలకొకటి. కుప్పలు పోసేది అసిరయ్య. ఆయనకి బోటూ లేదు, వలా లేదు, ఏ కుప్ప పెద్దదైనా ఆయనకి దక్కేది దోసెడు చేపలే. పోయడం అయ్యాక, బోటులో వాటా లేని మనిషి ఒకడు కుప్పలకి వీపు పెట్టి సముద్రం వైపు తిరిగి నిలబడతాడు. అసిరయ్య కర్రతో ఒక కుప్పని తాకి "ఎవులికి?" అంటాడు. నిలబడ్డవాడు నోటికొచ్చిన పేరు చెబుతాడు. చెప్పింది చెప్పినట్టే, మార్చడానికి లేదు. ఆ కుప్ప ఎత్తేదాకా వెనక్కి తిరగడానికీ లేదు. ఎవరు పెట్టారో తెలియదు గానీ ఆ పద్ధతి మీద ఇంతవరకు ఒడ్డున తగువు రాలేదు.

ఏడాదిగా వీపు తిప్పుతున్నది తాతారావు. పట్నంలో ఎమ్మే చదువుతూ, పరీక్షలు పాలకవర్గం కుట్ర అని తేల్చి, మధ్యలో వదిలేసి వచ్చాడు. వచ్చిన వారంలోనే అసిరయ్య పాకకి వెళ్ళాడు, శిష్యరికానికి కాదు, కడిగెయ్యడానికి. ఆకలితో ఉన్నవాడికి తత్వాలు పాడి వినిపించడం నేరమని, ఆత్మ గురించి అడిగేముందు అన్నం గురించి అడగాలని గంటసేపు మాట్లాడాడు. అసిరయ్య ఎక్కడా అడ్డు రాకుండా అంతా విని, "రేపు రా" అన్నాడు. మర్నాడు వెళ్ళాడు. ఆ మర్నాడూ వెళ్ళాడు. తను శిష్యుడైన రోజేదో తాతారావుకే తెలియదు.

ఎనిమిది నెలల కిందట ఆ ఏడు కుప్పల పక్కన ఎనిమిదోది చేరింది. కొర్లమ్మ కూతురు సింధూజకి రక్తంలో కేన్సరన్నారు. పిల్ల రెండో తరగతి. తండ్రిని అంతకు రెండేళ్ళ ముందే సముద్రం తీసుకుపోయింది. ఎముకల్లో మజ్జ మార్చే ఆపరేషన్ చేస్తే బతుకుతుందని పట్నంలో డాక్టర్లు చెప్పారు. చేపలగంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగే మనిషికి ఆ ఖర్చు వినడానికే వీలుకాలేదు. అప్పుడు బోటులన్నీ కలిసి మాటనుకున్నాయి, వేటకెళ్ళిన ప్రతి రోజూ పిల్ల పేరున ఒక వాటా. కొర్లమ్మ ఆ చేపలు అమ్మి తెచ్చిన డబ్బు బ్యాంకులో వెయ్యాలి, ఖాతా ఆమె పేరునా తాతారావు పేరునా. ఇది చాలదని తాతారావు పిల్ల ఫొటో పెట్టి, పైన "చిన్నారిని కాపాడండి" అని రాసి ఫోన్లలో పంపాడు. ఎవరెవరో, ఈ ఊరి పేరు కూడా పలకడం రానివాళ్ళు, డబ్బు పంపారు.

ఆస్పత్రి నుంచి ఇంటికి పంపిన రోజుల్లో సింధూజ తలకి రుమాలు కట్టుకుని, బోర్లించిన తెప్ప నీడలో కూర్చుని వాటాలు వినేది. తన పేరు ఎన్నోసారికి వస్తుందా అని వేళ్ళు ముడుచుకుంటూ ఉండేది. చివర్న వస్తే ఊరుకునేది కాదు. "నన్ను లాస్టులో పెట్టినావేటి మావా, నానేటి సేసినాను?" అని తాతారావుతో తగువు పెట్టుకునేది. మర్నాడు అతను మొదటే చెబితే, అప్పుడు కుప్పలు సరిగ్గా పొయ్యలేదని అసిరయ్య మీద పడేది.

ఆపరేషన్‌కి తేదీ ఇచ్చారు. డబ్బు సరిపోయింది, కొంచెం ఎక్కువే అయింది. ఆ వారంలోనే జ్వరం వచ్చింది. తేదీ ఇంకా తొమ్మిది రోజులుందనగా పిల్ల పోయింది. ఎనిమిదో కుప్ప పొయ్యడం మానేశారు.

పదకొండో రోజు వరకు ఎవరూ ఏమీ అనలేదు. పన్నెండో రోజు మొదలైంది. లచ్చన్న బోటు యజమాని, గుడి కమిటీకి పెద్ద. గంగమ్మ ఇచ్చిన చేపల డబ్బు గంగమ్మకే చెందుతుందని, గుడి ముందు మండపం కట్టి దాతలందరి పేర్లూ రాయి మీద చెక్కిద్దామని ఆయన అన్నాడు. పిల్ల చిన్నాన్న ఎర్రయ్య, లచ్చన్న బోటులోనే వేటకెళ్ళేవాడు, లేచి నిలబడ్డాడు. ఆస్పత్రి వరండాలో నాలుగు నెలలు పడుకున్నది తను, సొంత వల అమ్ముకున్నది తను, అప్పుడు కనబడని గంగమ్మ ఇప్పుడెక్కడినుంచి వచ్చిందని అడిగాడు. ఆపరేషన్‌కని ఇచ్చాం, ఆపరేషన్ కాలేదుగా, తిరిగి పంపండని దూరాన ఉన్నవాళ్ళు ఫోన్లు చేశారు. ఒక ముసలమ్మ, మా బోటు వాళ్ళు ఖరీదైన చందువాలిచ్చారు, వాళ్ళ బోటు వాళ్ళు చవక కవళ్ళిచ్చారు, రెండూ ఒకటేనా, ముందు అది తేల్చమంది. అందరూ నవ్వారు. తరవాత ఎవరికి వాళ్ళు తమ బోటు ఏం చేపలిచ్చిందో గుర్తు చేసుకోవడం మొదలుపెట్టారు.

తాతారావుది నాలుగో మాట. ఇసుక దారి చివరిదాకా అంబులెన్సు రాదు. ఆ డబ్బుతో ఒక జీపు కొని, మిగతాది ప్రజా వైద్య నిధిగా పెడితే ఇంకో బిడ్డ ఇలా పోకుండా ఉంటుంది. ప్రజల సొమ్ము ప్రజలకే. దానం కాదు, హక్కు. ఈ రెండు ముక్కలూ బడి గోడ మీద ఎర్రరంగుతో రాశాడు కూడా. తన మాట న్యాయమని అతనికి అనుమానం లేదు. కానీ మిగతావాళ్ళ మాటల్లోనూ పూర్తిగా అన్యాయం కనబడకపోవడం అతనికి పట్టరాని కోపం తెప్పించింది. మనిషి తప్పు మాట్లాడితే ఓడించొచ్చు. సగం ఒప్పు మాట్లాడేవాణ్ణి ఏం చెయ్యాలో అతను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు.

ఈ నాలుగు మాటల మధ్య కొర్లమ్మ నలిగిపోయింది. దినం అయిన మర్నాడు ఆమె గంప తీసుకుని ఒడ్డుకి వచ్చింది. అప్పయమ్మ అనే తోటి బేరగత్తె, పదేళ్ళుగా ఆమెతో కలిసి ఊళ్ళు తిరిగే మనిషి, "నీకింకా ఈ గంపెందుకే, బేంకీలో ఉన్నాది గదా" అంది. సరదాకి అందో, కడుపుమంటతో అందో. కొర్లమ్మ ఖాళీ గంపతో తిరిగి వెళ్ళిపోయింది. ఇంట్లో ఉంటే, చూశారా, కాలు మీద కాలేసుకుని కూర్చుందన్నారు. దినంనాడు పుట్టింటివాళ్ళు పెట్టిన చీర కట్టుకుంటే ఆ చీర గురించి అన్నారు. చేపలు కొనకపోతే పూట గడవదు, కొందామని వస్తే కళ్ళన్నీ ఆమె మీదే. చివరికి పారాదీప్‌లో ఉన్న అక్క దగ్గరికి వెళ్ళిపోతానంది. ఆదివారం పొద్దున్న మీటింగులో వేలిముద్ర ఎక్కడ వెయ్యమంటే అక్కడ వేసి, సాయంత్రం బండెక్కుతానంది. పుట్టినప్పటినుంచి ఆ ఒడ్డు వదిలి ఇంకెక్కడా కాపురముండని మనిషి. మొగుణ్ణి తీసుకున్న సముద్రమూ, పిల్లని కప్పిన ఇసుకా ఇక్కడే ఉన్నాయి. అయినా వెళ్ళిపోతానంది.

ఆ వేలిముద్ర ముందే తీసుకుందామని తాతారావు శుక్రవారం మధ్యాహ్నం ఆమె ఇంటికి వెళ్ళాడు. మీటింగులో చదవడానికి రెండు పేజీల కరపత్రం రాసుకున్నాడు, దాని అడుగున ఆమె ఒప్పుకున్నట్టు వేలిముద్ర ఉండాలి. అందులో లచ్చన్నని దేవుడి పేరున దోచేవాడనీ, ఎర్రయ్యని బంధుత్వం పేరున దోచేవాడనీ రాశాడు. కొర్లమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. పొయ్యి వెలిగించిన గుర్తు లేదు. బొటనవేలు చాచి, మళ్ళీ వెనక్కి తీసుకుని, "ఇందులో మా పిల్ల గురించేటి రాసినావు బాబూ, సదువు" అంది. అతను చదివాడు. చిన్నారి మరణం ఒక వ్యక్తిగత విషాదం కాదు, అది ఈ వ్యవస్థ మన అందరి మీదా చేసిన దాడి. తనకి చాలా నచ్చిన వాక్యం అది. ఆమె చివరిదాకా విని, ఇంకా ఏమైనా ఉందా అన్నట్టు చూసి, లేదని తెలిశాక లేచి లోపలికి వెళ్ళిపోయింది. వేలిముద్ర వెయ్యలేదు. ఎర్రయ్య ఆమెని తన వైపు తిప్పుకున్నాడని తాతారావు నిశ్చయించుకున్నాడు. ఆ కోపంతోనే సాయంత్రం గురువు పాకకి వచ్చి నిలబడ్డాడు.

శనివారం పొద్దున్న లచ్చన్న బోటు అన్నిటికంటే ముందు వచ్చింది. వేట ఓ మాదిరిగా ఉంది. ఎక్కువగా కవళ్ళు, కొన్ని కానాగంతలు, వెండి పట్టీల్లా పొడుగ్గా నాలుగు సావడాలు. తాతారావు ఒడ్డుకి వచ్చేసరికి అసిరయ్య కుప్పలు పోస్తున్నాడు. కొంచెం ఎడంగా, బోర్లించిన తెప్ప దగ్గర కొర్లమ్మ నిలబడి ఉంది. చేతిలో ఖాళీ గంప, గంపలో నెత్తి మీద పెట్టుకునే గుడ్డ చుట్ట. చేపలు కొనడానికి రాలేదట. వెళ్ళిపోతోంది కదా, గంప ఎవరికైనా ఇచ్చేద్దామని తెచ్చిందట. అప్పయమ్మ వద్దంది, మిగతా ఆడవాళ్ళు తమ గంపలు సర్దుకుంటూ పక్కకి జరిగారు. చావు జరిగిన ఇంటి గంప ఎవరు తీసుకుంటారు. వాటాలవగానే ఇక్కడే, పదిమంది ముందే వేలిముద్ర తీసుకోవచ్చని తాతారావు అనుకున్నాడు. జేబులో కరపత్రం ఉందో లేదో తడిమి చూసుకుని, కుప్పల వైపు చూడనైనా చూడకుండా వీపు తిప్పి నిలబడ్డాడు.

కర్ర ఇసుకని తాకింది. "ఎవులికి?"

వేటవాళ్ళలో మాసేనుకి అన్నాడు. వెనక చేపలు తట్టలో పడ్డ చప్పుడు. మళ్ళీ "ఎవులికి?" బోటుకి. మళ్ళీ. ఎర్రయ్యకి. ఇలా ఒక్కో పేరూ చెబుతూ పోయాడు. అలలు పాదాల దాకా వచ్చి పోతున్నాయి. అతని మనసు ఆదివారం మీటింగులో ఉంది, ఎవరేమంటే ఏమనాలో పేర్చుకుంటున్నాడు. చివరగా వలకి అన్నాడు. ఆ కుప్ప కూడా ఎత్తారు. ఇక తిరగబోతున్నాడు.

కర్ర మళ్ళీ ఇసుకని తాకింది. "ఎవులికి?"

లెక్క తప్పానేమో అనుకున్నాడు. ఏడూ చెప్పానని, అయిపోయాయని అన్నాడు.

"ఇంకోటున్నాది. ఎవులికి?" అసిరయ్య గొంతులో ఏ తేడా లేదు. ప్రతి రోజూ అడిగినట్టే అడిగాడు.

వెనక నవ్వులు ఆగిపోయాయి, తట్టల చప్పుడు ఆగిపోయింది. తాతారావు దగ్గర జవాబులు లేక కాదు. మూడు వారాలుగా అతని బుర్ర నిండా అవే. ప్రజలకి అనాలి, ఆ మాట పళ్ళ దాకా వచ్చింది. నాలుగు మీటింగుల్లో మైకు లేకుండా అరిచిన మాట. కానీ ఎదురుగా మనిషనేవాడు లేడు. నీళ్ళున్నాయి. ఆ నీళ్ళవైపు చూస్తూ ఆ మాట అనబోతే, అది ఎవరి మాటో, ఎక్కడో చదివిన మాట, తన నోట్లో ఊరికే బస చేసిన మాట అనిపించింది. ఒక అల వచ్చి వెళ్ళింది. ఇంకోటి వచ్చింది. ఏడు నెలలపాటు ఇక్కడే, ఇలాగే నిలబడి రోజూ చెప్పిన పేరొకటి అతని అనుమతి లేకుండా నాలుక మీదికి వచ్చింది.

"సింధూజకి" అన్నాడు.

అన్నాక గానీ తనేమన్నాడో తెలియలేదు. పిల్ల పోయాక ఆ పేరు పలకడం ఇదే మొదటిసారి. అతనే కాదు, ఎవరూ పలకలేదు. మిగులు అన్నారు, నిధి అన్నారు, ఆ డబ్బు అన్నారు. తను రాసిన రెండు పేజీల్లోనూ ఎక్కడా ఆ పేరు లేదు.

వెనక ఏం జరుగుతోందో చూడకూడదు. లచ్చన్న అరుస్తాడని ఎదురుచూశాడు. పోయినవాళ్ళకి వాటా ఏమిటని అడుగుతాడు, అడగడం న్యాయమే. ఎవరూ అరవలేదు. ఎవరో ఇసుకలో నడిచి వస్తున్న చప్పుడు వినిపించింది, వేగంగా కాదు, కాళ్ళు ఈడ్చుకుంటూ. గంప నేల మీద పెట్టిన చప్పుడు. తరవాత చేపలు ఒక్కొక్కటే గంపలో పడుతున్న చప్పుడు. దోసిళ్ళతో ఎత్తి పోస్తే ఒక్క నిమిషం పని. ఒక్కొక్కటే తీసి వేస్తున్నారు. చాలాసేపు పట్టింది. మధ్యలో లచ్చన్న గొంతు, రోజూ ఉండే ఆ పెద్దరికం లేకుండా, "ఆ సావడా ఒకటి పక్కకి జారిపోనాది. అదీ దాని వాటాలోదే, ఎయ్యండి" అంది. ఎర్రయ్య దగ్గాడు. దగ్గు కాకపోవచ్చు.

అప్పుడు దగ్గర్లోనే కొర్లమ్మ మాట వినిపించింది. "ఒక సెయ్యెయ్యి బాబూ."

నిండిన గంప ఎవరూ ఒంటరిగా నెత్తికి ఎత్తుకోలేరు. తాతారావు తిరిగాడు. ఎనిమిదో కుప్ప ఉన్న చోట ఇసుక తడిగా, పొలుసులతో మెరుస్తోంది. కొర్లమ్మ నెత్తి మీద గుడ్డ చుట్ట సర్దుకుంది. గంపకి ఒక పక్క అతను, రెండో పక్క ఎర్రయ్య పట్టుకున్నారు. తను దొంగ అని రాసినవాడి చేతికి తన చెయ్యి తగిలింది, అది కూడా తడిగానే ఉంది. ఇద్దరూ ఎత్తి పెట్టారు. గంప నిలిచాక కూడా కొర్లమ్మ కదల్లేదు. మెడ తిప్పడానికి లేదు గనక కళ్ళు మాత్రం అతనివైపు తిప్పి, ఎవరికీ వినబడనంత మెల్లగా అడిగింది.

"మల్లొక్కపాలి అనవా బాబూ."

అతను నోరు తెరిచి, మళ్ళీ మూసి, గంప అంచున జారుతున్న చేపని లోపలికి తోశాడు. ఆమె గంప బరువుతో అలాగే నిలబడి ఎదురుచూసింది.

"పోన్లే" అంది చివరికి. "ఇన్నాను గదా."

చేపలు ఎండెక్కకముందే ఊళ్ళకి చేరాలి. ఆమె ఇసుక దారి పట్టింది. వంద అడుగులు వెళ్ళిందో లేదో, అప్పయమ్మ తన గంప మీద గోనె తడిపి కప్పుకుని, పక్కవాళ్ళ చేత ఎత్తించుకుని, "ఆగవే కొర్లా, ఒక్కర్తివీ ఆ మెట్ట ఎలా ఎక్కుతావు, నానూ వత్తన్నాను" అంటూ పరిగెత్తినట్టు నడిచింది. కొర్లమ్మ వెనక్కి చూడలేదు. కానీ అడుగు మాత్రం నెమ్మది చేసింది. ఇద్దరూ సరుగుడు తోపు మలుపు దగ్గర కలుసుకుని చెట్ల చాటుకి వెళ్ళిపోయారు.

ఒడ్డున ఎవరి తట్టలు వాళ్ళు సర్దుకుంటున్నారు. అసిరయ్య నీళ్ళ అంచున కూర్చుని చేతుల పొలుసులు కడుక్కుంటున్నాడు. తాతారావు వెళ్ళి పక్కన నిలబడ్డాడు. ఏడే పొయ్యాల్సింది కదా, ఎనిమిదోది పొరపాటున పోశారా, కావాలని పోశారా అని అడిగాడు. అసిరయ్య ఆ మాట విననట్టే గోళ్ళ సందులు తోముకున్నాడు.

"నా ప్రశ్న అలాగే ఉంది గురువుగారూ" అన్నాడు తాతారావు. ఈసారి అతని గొంతులో కోపం లేదు. "రేపు అందరూ నన్నే అడుగుతారు. అది ఎవరిదని చెప్పను?"

అసిరయ్య లేచి, తడి చేతులు పంచెకి తుడుచుకుని, తల పక్కకి వాల్చి కుడి కంటితో అతన్ని చూశాడు.

"నిన్న నువ్వు ఆ డబ్బుని సూత్తా అడిగినావు నాయనా. ఇందాక సూడకుండా సెప్పినావు."